కుక్కలలో కష్టప్రసవం – శస్త్రచికిత్స



ఈ పాఠంలో కుక్కల ప్రసవంలో వచ్చే చిక్కుల గురించి, వాటికి చేసే సిజేరియన్ శస్త్రచికిత్స గురించి తెలుసుకుందాం. ముందుగా ఒక మాట చెప్పాలి. నేను పశువైద్యుణ్ణి కాను. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, చాలా ఏళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. ఈ పాఠం చదివి ఎవరూ ఆపరేషన్ చేయలేరు, చేయకూడదు కూడా. అయితే కుక్క నొప్పులు పడుతున్న రాత్రి దాని పక్కన కూర్చునేది డాక్టరు కాదు, మీరు. ఇంకాసేపు చూద్దామా, ఆస్పత్రికి తీసుకెళదామా అని తేల్చుకోవలసింది మీరే. ఆపరేషన్ బల్ల మీద ఎన్ని పిల్లలు బతికి బయటపడతాయన్నది చాలావరకు మీ ఇంట్లో జరిగే ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పాఠం మీ కోసం.

కుక్క గర్భాశయం ఎలా ఉంటుంది?

మనుషుల గర్భాశయం ఒకే సంచిలా ఉంటుంది. కుక్కది అలా కాదు. పంగల కర్రను ఒకసారి ఊహించుకోండి. కింద పొట్టిగా ఉండే కర్ర గర్భాశయ కాండం. దాని నుంచి చీలిన రెండు పొడవాటి పంగలు గర్భాశయ శృంగాలు. పిల్లలు ఈ రెండు శృంగాలలో వరుసగా, రైలు పెట్టెల్లాగా సర్దుకుని పెరుగుతాయి. బయటికి దారి మాత్రం ఒక్కటే. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. ముందు పెట్టె పట్టాల మీద ఇరుక్కుంటే వెనకాల ఉన్నవన్నీ ఆగిపోతాయి. ఒక పిల్ల అడ్డం తిరిగితే ఆ ఒక్క పిల్లకే కాదు, ఈతలో మిగిలిన పిల్లలన్నిటికీ గండమే.

ఇక మాయ సంగతి. కుక్కలో మాయ పిల్ల చుట్టూ నడికట్టులాగా ఉంటుంది. ఆ నడికట్టు అంచులలో తల్లి రక్తం కొద్దిగా నిలిచి ఉండి, అందులోని రంగు పదార్థం మార్పు చెంది ముదురు ఆకుపచ్చగా తయారవుతుంది. దాన్ని యుటెరోవెర్డిన్ అంటారు. మాయ గర్భాశయం గోడ నుంచి ఊడటం మొదలుపెడితే ఈ ఆకుపచ్చ రంగు బయటికి వస్తుంది. అంటే ఆకుపచ్చ స్రావం కనబడిందంటే, లోపల కనీసం ఒక పిల్లకు తల్లి నుంచి అందే ప్రాణవాయువు తగ్గిపోతున్నట్టే. మొదటి పిల్ల పుట్టిన తరువాత ఈ రంగు కనబడటం మామూలే. ఒక్క పిల్లా పుట్టకముందే కనబడితే మాత్రం గడియారం చూసుకోవాలి.

మామూలు ప్రసవం

కష్టప్రసవాన్ని గుర్తించాలంటే మామూలు ప్రసవం ఎలా ఉంటుందో తెలియాలి. అండం విడుదలైన నాటి నుంచి కుక్క చూలు సుమారు 63 రోజులు. కానీ మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క శరీరంలో కొన్ని రోజులపాటు బతికే ఉంటాయి. అందువల్ల జత కట్టించిన తేదీ నుంచి లెక్క వేస్తే 57 రోజులకూ ప్రసవించవచ్చు, 72 రోజులకూ ప్రసవించవచ్చు. "తేదీ దాటిపోయింది, ఆపరేషన్ చేసేయండి" అని తొందరపడే యజమానులకూ, "ఇంకా టైముంది లెండి" అని ధీమాగా ఉండేవాళ్లకూ ఈ తేడాయే చిక్కు తెస్తుంది.

ప్రసవం దగ్గరపడితే తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పడిపోతుంది. దానితోపాటు ఒంటి వేడి కూడా తగ్గుతుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 99 కంటే దిగువకు వచ్చిందంటే సాధారణంగా 24 గంటల లోపల ప్రసవం మొదలవుతుంది. చివరి వారం రోజులు ఉదయం, సాయంత్రం మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఖరీదైన పరీక్షలేవీ లేకుండా ఇంట్లోనే దొరికే మంచి సూచన ఇది. చూసే పని ఎవరిదో ఇంట్లో ముందే అనుకోండి. అందరి పనీ అయితే ఎవరూ చూడరు.

ప్రసవంలో మొదటి దశ 6 నుంచి 12 గంటలు ఉంటుంది. తొలిచూలు అయితే ఇంకా ఎక్కువసేపు పట్టవచ్చు. గర్భాశయ ముఖద్వారం తెరుచుకునే దశ ఇది. కుక్క వగరుస్తుంది, వణుకుతుంది, మూలల్లో తవ్వుతుంది, అన్నం ముట్టదు. పొట్ట బిగించి ముక్కడం ఇంకా ఉండదు. రెండో దశలో అది ముక్కడం మొదలుపెడుతుంది, పిల్లలు బయటికి వస్తాయి. మాయ పడటం మూడో దశ. అయితే కుక్కలో రెండు, మూడు దశలు కలిసిపోయి నడుస్తాయి. ఒక పిల్ల, దాని మాయ, మళ్లీ ఇంకో పిల్ల. రెండు పిల్లల మధ్య మామూలుగా అరగంట నుంచి గంట వ్యవధి ఉంటుంది. మధ్యలో తల్లి కాసేపు విశ్రాంతి తీసుకోవడమూ ఉంది. పిల్ల వెనక కాళ్లతో ముందు వచ్చినా కంగారు పడకండి. కుక్కల్లో సుమారు 40 శాతం పిల్లలు అలాగే పుడతాయి.

ఎప్పటిదాకా ఆగాలి?

ఇక్కడ మీకు ఒక అనుభవం చెప్పాలి. పదిహేనేళ్ల కిందటి మాట. మా వీధిలో ఒకరింట్లో పొమరేనియన్ కుక్క ఉండేది. తొలిచూలు. రాత్రి తొమ్మిదింటికి ముక్కడం మొదలుపెట్టింది. జంతుశాస్త్రం చదివినవాణ్ణని నన్ను పిలిచారు. వెళ్లాను. పదకొండింటికి ముదురు ఆకుపచ్చ నీరు కనబడింది. "అదేంటి మాస్టారూ?" అని ఆ ఇంటావిడ అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉండాల్సింది. "ఏమీ కాదమ్మా, ఇంకాసేపు చూద్దాం" అన్నాను. ఒంటిగంటకు ఎవరో గేదెలకు సూదులు వేసే మనిషిని తీసుకొచ్చారు. ఆయన ఒక సూది వేశాడు. పది నిమిషాలపాటు కుక్క గట్టిగా ముక్కింది. తరువాత నిశ్శబ్దంగా పడుకుంది. నొప్పులు తగ్గాయి, ఇక తెల్లారి కంటుందిలే అనుకున్నాం అందరం. ఉదయం ఎనిమిదింటికి ఆస్పత్రికి తీసుకెళితే, పొట్ట తెరిచిన డాక్టరుగారు గర్భాశయం చిరిగిపోయి ఉందని చెప్పారు. తల పెద్దదైన ఒక పిల్ల కటి ఎముకల దారిలో ఇరుక్కుని ఉంది. నాలుగు పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. మూడో రోజు తల్లి కూడా పోయింది.

ఆ ఆకుపచ్చ నీరు ఏమిటో నేను ఆ తరువాతే చదువుకున్నాను. కనుక కింద చెప్పే సూచనలను నా మాటగా కాక, పశువైద్యులు సాధారణంగా పాటించే కొలతలుగా తీసుకోండి.

కుక్క ఆగకుండా గట్టిగా ముక్కుతూ 20, 30 నిమిషాలైనా పిల్ల రాకపోతే ఇక ఆగకూడదు. ఉండి ఉండి బలహీనంగా ముక్కుతూ రెండు గంటలు దాటినా, ఒక పిల్ల తరువాత లోపల ఇంకా పిల్లలున్నాయని తెలిసీ రెండు మూడు గంటలు గడిచినా బయలుదేరాలి. పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ స్రావం కనబడితే, రెండు గంటలు మించకుండా ఆస్పత్రిలో ఉండాలి. ఉమ్మనీటి సంచి గానీ, పిల్ల కాలు గానీ, తోక గానీ బయట కనబడుతూ పావుగంటైనా ముందుకు కదలకపోతే అదే పని. వేడి తగ్గి 24 గంటలైనా నొప్పులు మొదలుకాకపోవడం, దుర్వాసనతో కూడిన స్రావం, తల్లి నీరసించి లేవలేకపోవడం, ఇవన్నీ కూడా ప్రమాద సూచనలే. ముఖ్యంగా, గట్టిగా ముక్కుతున్న కుక్క పిల్లను కనకుండానే ప్రశాంతంగా పడుకుంటే దాన్ని ఉపశమనం అనుకోకండి. గర్భాశయం అలసిపోయి చేతులెత్తేసిందన్నమాట.

కారణాలు

కష్టప్రసవానికి కారణం తల్లిలో ఉండవచ్చు, పిల్లలో ఉండవచ్చు. స్వీడన్‌లో 182 కుక్కల కష్టప్రసవాలను పరిశీలించి 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సుమారు నాలుగింట మూడు వంతులకు తల్లి వైపు కారణాలే కనిపించాయి. వాటిలో పెద్ద భాగం గర్భాశయం సంకోచించకపోవడం. దీన్ని గర్భాశయ జడత్వం అంటారు. పిల్ల ఒక్కటే ఉన్నప్పుడు, ప్రసవం మొదలుపెట్టమని పిల్లల నుంచి వెళ్లే హార్మోను సంకేతం చాలక గర్భాశయం కదలదు. పిల్లలు మరీ ఎక్కువైతే సాగిపోయి కదలదు. వయసు మీరిన తల్లి, బాగా లావెక్కిన తల్లి, రక్తంలో కాల్షియం చాలని తల్లి, వీటికీ ఇదే ఇబ్బంది. ఇది ఒక రకం. ఇక రెండో రకం, అడ్డంకిని తోసి తోసి అలసిపోయిన గర్భాశయం. మా వీధి పొమరేనియన్‌ది రెండో రకం.

పిల్ల వైపు కారణాలలో ముఖ్యమైనవి పెద్ద తల, మెడ పక్కకు మడుచుకుపోవడం, అడ్డం తిరగడం, అంగవైకల్యం, లోపలే చనిపోయి ఉండటం.

కొన్ని జాతులలో చిక్కును మనిషే తయారు చేశాడు. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెర్రియర్ వంటి చప్పిడి ముక్కు జాతులలో తల, భుజాలు వెడల్పుగానూ, కటి ఎముకల దారి ఇరుకుగానూ ఉండేలా తరాల తరబడి ఎంపిక చేసుకుంటూ వచ్చారు. బ్రిటన్‌లో పెంపకందారుల నుంచి సేకరించిన వివరాలతో 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ మూడు జాతులలోనూ 80 శాతానికి పైగా ఈతలు సిజేరియన్ ద్వారానే జరిగాయి. అంటే తనంతట తాను కనలేని జంతువును ముద్దుగా ఉందని పెంచుకుంటున్నామన్నమాట. మన పట్టణాలలో పగ్ కుక్కలు ఇంటింటా కనబడటం మొదలై ఇరవై ఏళ్లు దాటింది. పగ్‌లకూ ఈ ఇబ్బంది తక్కువేమీ కాదు. జత కట్టించే ముందు, ఆపరేషన్ ఖర్చుకూ, తల్లికి వచ్చే ప్రమాదానికీ సిద్ధంగా ఉన్నామా అని ప్రశ్నించుకోవాలి. కుక్కల పెంపకం, అమ్మకాలపై మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనలు 18 నెలలు నిండని ఆడకుక్కనూ, 8 ఏళ్లు వచ్చిన ఆడకుక్కనూ పిల్లల కోసం వాడకూడదని చెబుతున్నాయి. మన ఊరకుక్కలు మాత్రం చాలావరకు ఏ సాయమూ లేకుండానే కంటాయి. వాటిని ఎవరూ మూతి చూసి ఎంపిక చేయలేదు మరి.

ఆ సూది సంగతి

ఆ రాత్రి వేసిన సూది ఏమిటో నాకు ఖచ్చితంగా తెలియదు. ఆ పరిస్థితిలో సాధారణంగా అందరూ వేసేది ఆక్సిటోసిన్. పాల పశువులున్న ఊళ్లలో ఈ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఇది చెడ్డ మందు కాదు. గర్భాశయాన్ని సంకోచింపజేసే హార్మోను ఇదే. సరైన సమయంలో, సరైన మోతాదులో ప్రాణం నిలుపుతుంది. అయితే దారి తెరిచి ఉండాలి. దారికి అడ్డుగా పిల్ల ఉన్నప్పుడు ఈ సూది వేయడమంటే, గడియ వేసిన తలుపును లోపలి నుంచి జనం చేత తోయించడమే. తలుపు తెరుచుకోదు, గోడ కూలుతుంది.

మోతాదు మరో సంగతి. కుక్కకు కావలసినది చాలా తక్కువ. ఒక్కో విడతకు పావు యూనిట్ నుంచి రెండు యూనిట్ల వరకు ఇచ్చి, అరగంట చూసి, అవసరమైతే మళ్లీ ఇస్తారు. గేదె లెక్కన వేస్తే గర్భాశయం వదులు కాకుండా బిగుసుకుపోయి, మాయకు రక్తం వెళ్లడం ఆగిపోతుంది. అప్పుడు పిల్లలకు ఊపిరాడదు. చాలామంది డాక్టర్లు ముందు కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి చూస్తారు. ఆక్సిటోసిన్ ఎన్నిసార్లు సంకోచించాలో చెబుతుంది, కాల్షియం ఎంత బలంగా సంకోచించాలో చెబుతుంది. దాన్ని కూడా గుండె వినుకుంటూ నెమ్మదిగా ఇవ్వాలి. ఇవేవీ ఇంటి వరండాలో చేసే పనులు కావు.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

డాక్టరు ముందు చేతికి తొడుగు వేసుకుని దారిని వేలితో పరీక్షిస్తారు. ఎక్స్‌రే తీస్తే ఎన్ని పిల్లలున్నాయి, ఏ తీరున ఉన్నాయి, తల ఎంత ఉంది, దారి ఎంత ఉంది అన్నది తెలుస్తుంది. చూలు 45 రోజులు దాటాకే పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో కనబడతాయి. చివరి వారంలో ఒక ఎక్స్‌రే తీయించి పెట్టుకుంటే పిల్లల లెక్క ముందే తెలుస్తుంది. "అయిపోయిందా, ఇంకా ఉన్నాయా" అన్న సందేహం ఆ రాత్రి ఉండదు.

అల్ట్రాసౌండ్ చెప్పేది మరొకటి, పిల్లల గుండె వేగం. కడుపులో ఉన్న కుక్కపిల్ల గుండె నిమిషానికి 200 సార్లకు పైగా కొట్టుకుంటుంది. 180 కంటే తగ్గితే పిల్ల ఇబ్బంది పడుతోందని అర్థం. 160 కంటే కిందికి పడి అలాగే ఉంటే ఇక మందులతో కాలయాపన చేయరు, కత్తి తీసుకుంటారు. పెద్దవాళ్లలో ప్రాణవాయువు తగ్గితే గుండె వేగం పెరుగుతుంది. పుట్టబోయే పిల్లలో తగ్గుతుంది. అందుకే తగ్గిన అంకె చూసి "ప్రశాంతంగా ఉంది" అనుకోకూడదు.

పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలో చివరకు మూడింట రెండు వంతుల కుక్కలకు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. కాబట్టి "ఆపరేషన్ అన్నారు, డబ్బు కోసమేనేమో" అని అనుమానపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. కష్టప్రసవానికి ఆపరేషన్ ఆఖరి అస్త్రం కాదు. చాలా సందర్భాలలో అసలు చికిత్స అదే.

ఆపరేషన్

సిజేరియన్ ఆపరేషన్‌లో ఒక చిక్కుముడి ఉంది. తల్లికి నొప్పి తెలియకూడదు, కదలకూడదు. కానీ తల్లికి ఇచ్చిన మత్తు మాయ దాటి పిల్లలకూ చేరుతుంది. మత్తులో పుట్టిన పిల్ల ఊపిరి తీసుకోదు. అందుకని మత్తు ఇవ్వకముందే చేయగలిగినదంతా చేసేస్తారు. సెలైన్ ఎక్కించడం, మూతికి తొడుగు పెట్టి ఆక్సిజన్ ఇవ్వడం, పొట్ట మీద వెంట్రుకలు గొరగడం, శుభ్రం చేయడం, అన్నీ కుక్క మెలకువగా ఉండగానే జరుగుతాయి. ఆ తరువాత త్వరగా పనిచేసి త్వరగా విరిగిపోయే ప్రొపోఫాల్ వంటి మందు ఇచ్చి, గొంతులో గొట్టం వేసి, ఐసోఫ్లురేన్ వాయువుతో మత్తు కొనసాగిస్తారు. కోత పెట్టే చోట మొద్దుబారే సూది కూడా వేస్తే వాయువు తక్కువ సరిపోతుంది. పెద్ద పశువులకు విరివిగా వాడే జైలజిన్‌ను ఈ ఆపరేషన్‌లో వాడకపోవడమే మంచిది. అమెరికా, కెనడాలలో 808 కుక్కలకు జరిగిన సిజేరియన్‌లను పరిశీలించిన బృందం దానికీ, పిల్లల మరణాలకూ సంబంధం ఉందని గుర్తించింది.

కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు దగ్గర నుంచి కటి ఎముక వైపు మధ్యగీత మీదుగా కోస్తారు. నిండు చూలులో పొట్ట గోడ పలచబడి ఉంటుంది, దాని కిందనే ఉబ్బిన గర్భాశయం ఆనుకుని ఉంటుంది. తొందరపడితే కత్తి గర్భాశయంలోకి, పిల్ల మీదికి దిగుతుంది. పక్కన పాలతో నిండిన పొదుగు. దాన్నీ తప్పించాలి. పొట్ట తెరిచాక గర్భాశయాన్ని మెల్లగా బయటికి తీసి, చుట్టూ తడి గుడ్డలు పేరుస్తారు. లోపలి ద్రవం పొట్టలోకి కారకుండా ఈ జాగ్రత్త.

ఇప్పుడు పంగల కర్రను మళ్లీ గుర్తు తెచ్చుకోండి. సర్జన్ సాధారణంగా రెండు శృంగాలూ కలిసే చోట, కాండం మీద ఒకే ఒక కోత పెడతారు. ఆ తరువాత ఒక్కో శృంగం నుంచి పిల్లలను చేతితో నెమ్మదిగా నొక్కుతూ కోత దగ్గరికి జరుపుకుంటూ వస్తారు. ఒక్కో పిల్లకు ఒక్కో కోత పెట్టనక్కరలేదు. పిల్ల రాగానే సంచి చించి, మూతి తుడిచి, బొడ్డుతాడును పొట్టకు ఒకటి రెండు సెంటీమీటర్లు వదిలి బిగించి కోసి, పక్కనున్నవారి చేతికి ఇస్తారు. మాయ సులువుగా వస్తే తీస్తారు. రాకపోతే బలవంతంగా లాగరు, రక్తం పోతుంది. తరువాత అదే దానంతటదే పడుతుంది. కోత మూసే ముందు రెండు శృంగాలనూ, కటి ఎముకల దారినీ తడిమి చూడటం తప్పనిసరి. ఇరుక్కున్న పిల్లను అక్కడే మరచిపోయే ప్రమాదం ఉంది.

గర్భాశయాన్ని శరీరంలో కరిగిపోయే సన్నని దారంతో కుడతారు. పొట్ట కండరాలను గట్టి దారంతో, చర్మాన్ని విడిగా కుడతారు. చర్మం కుట్లు లోపలివైపు వేస్తే పాలు తాగే పిల్లల గోళ్లకు, మూతులకు తగలవు.

కొన్నిసార్లు గర్భాశయం కుళ్లిపోయి గానీ, చిరిగిపోయి గానీ ఉంటే దాన్నే తీసేస్తారు. బాగున్నా, "ఇక పిల్లలు వద్దు, ఆపరేషన్ కూడా ఇప్పుడే చేసేయండి" అని యజమాని కోరవచ్చు. అలా చేస్తే పాలు రావని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. పాలు ఉత్పత్తి చేయించే ప్రొలాక్టిన్ మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వస్తుంది, గర్భాశయం నుంచి కాదు. తల్లి నీరసించి రక్తం పోయి ఉంటే మాత్రం ఈ అదనపు పనిని డాక్టరు వాయిదా వేస్తారు. ఆ విషయంలో పట్టుబట్టకండి.

పిల్లలను బతికించడం

బల్ల మీద సర్జన్ ఒక్కరైతే, బల్ల పక్కన పిల్లకొక మనిషి ఉండాలి. ఆస్పత్రుల్లో అంతమంది ఉండరు. కనుక యజమానులను రమ్మంటారు. మీకు ఈ పని రావచ్చు. పొడి తువాలుతో పిల్లను వీపు మీద, పక్కల మీద గట్టిగానే రుద్దండి. ముక్కు, నోరు రబ్బరు బల్బుతో లాగి శుభ్రం చేయండి. పిల్ల కేక పెట్టేదాకా రుద్దడం ఆపకండి. పదిహేను ఇరవై నిమిషాల తరువాత ఊపిరి అందుకున్న పిల్లలూ ఉంటాయి, గుండె కొట్టుకుంటున్నంతసేపు వదలకూడదు.

పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని తలకిందులుగా విసురుగా ఊపడం కొందరికి అలవాటు. నీళ్లు బయటికి వస్తాయని అలా చేస్తారు. దయచేసి చేయకండి. ఆ ఊపుకు మెదడులో రక్తస్రావం కావచ్చు, చేయి జారితే పిల్ల మిగలదు.

ఆ తరువాత కావలసినది వెచ్చదనం. అప్పుడే పుట్టిన కుక్కపిల్లకు వణికి వేడి పుట్టించుకునే శక్తి లేదు. మొదటి వారం దాని చుట్టూ సుమారు 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టె ఒక మూలలో ఉంచండి. పెట్టె అంతా వేడిగా ఉండకూడదు, వేడెక్కిన పిల్ల పక్కకు జరగడానికి చోటుండాలి. చల్లబడిన పిల్లకు పాలు పట్టకండి, ముందు ఒళ్లు వెచ్చబడాలి. ప్రతి పిల్ల నోరూ తెరిచి అంగిలి చీలి ఉందేమో ఒకసారి చూడండి.

పైన చెప్పిన అమెరికా, కెనడా అధ్యయనం 1998లో వచ్చింది. అందులో సిజేరియన్ ద్వారా పుట్టిన పిల్లల్లో 92 శాతం సజీవంగా పుట్టాయి. రెండు గంటలకు 87 శాతం, వారానికి 80 శాతం మిగిలాయి. తల్లుల మరణాలు 1 శాతం. ఈ అంకెలను కాస్త నెమ్మదిగా చదవండి. చనిపోయి పుట్టిన పిల్లల కంటే, సజీవంగా పుట్టి ఆ వారంలో పోయిన పిల్లలే ఎక్కువ.

బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక

ప్రసవానికి వారం ముందే రాత్రి పూట ఆపరేషన్ చేయగల ఆస్పత్రి ఏదో కనుక్కోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి ఆస్పత్రుల వేళలు ముందే అడిగి ఉంచుకోవడం మంచిది. బయలుదేరే ముందు ఫోన్ చేయండి. జత కట్టించిన తేదీలు, ముక్కడం మొదలైన సమయం, ప్రతి పిల్ల పుట్టిన సమయం కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరుకు మీరిచ్చే సాయంలో దీన్ని మించినది లేదు. ఆపరేషన్ జరిగే అవకాశం ఉంది కనుక కుక్కకు అన్నం పెట్టకండి. అప్పటికే పుట్టిన పిల్లలను వెచ్చని పెట్టెలో, తల్లికి విడిగా తీసుకెళ్లండి. ఆటోలో నొప్పులు పడే తల్లి కింద పిల్ల నలిగిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక మత్తు పూర్తిగా వదిలేదాకా తల్లినీ పిల్లలనూ ఒంటరిగా వదలకండి. తల్లికి తాను కన్న గుర్తు ఉండదు. కొన్ని కుక్కలు పిల్లలను చూసి బెదురుతాయి, కొన్ని కరుస్తాయి. మాయ నీటి వాసన ఉన్న గుడ్డతో పిల్లలను తుడిచి, మొదట తల దగ్గర కాకుండా పొదుగు దగ్గర పెట్టి చూడండి. ముర్రుపాలు మొదటి రోజులోనే తాగాలి. కుక్కల్లో రోగనిరోధక పదార్థాలు మాయ ద్వారా అందేది చాలా తక్కువ, ఎక్కువ భాగం ఈ పాల ద్వారానే అందుతాయి. ఒక రోజు గడిస్తే పిల్ల పేగు వాటిని పీల్చుకోలేదు.

తల్లికి మూడు నాలుగు వారాల వరకు గోధుమ రంగు స్రావం పోవడం సహజం. దుర్వాసన, జ్వరం, అన్నం మానేయడం సహజం కాదు. చిన్న జాతి కుక్కలు పిల్లలకు పాలిస్తూ ఉన్నట్టుండి వణుకుతూ, కాళ్లు బిగుసుకుని పడిపోతే అది కాల్షియం లోటు, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి చేర్చాలి. దీన్ని ఆపాలని చూలుతో ఉండగా కాల్షియం మాత్రలు వేస్తుంటారు. అది వద్దు. బయటి నుంచి కాల్షియం అందుతుంటే, ఎముకల నుంచి దాన్ని తీసుకునే అలవాటు శరీరం మరచిపోతుంది. తీరా పాలిచ్చే రోజుల్లో అవసరం వచ్చేసరికి తీసుకోలేదు. బయటి కుట్లు ఉంటే పది పన్నెండు రోజులకు విప్పుతారు.

వంటింటి డిజిటల్ కాటా ఒకటి ఉంటే ప్రతి పిల్లకూ వేరే రంగు దారం కట్టి, రెండు వారాలపాటు రోజూ ఒకే వేళకు తూకం వేసి రాయండి. దారం వదులుగా కట్టండి, రెండు రోజులకొకసారి మార్చండి. పిల్ల ఎదుగుదల వేగం అలాంటిది. మొదటి రోజు ఒకటి రెండు గ్రాములు తగ్గినా పరవాలేదు. రెండో రోజు కూడా తగ్గితే, ఆ పిల్ల చురుగ్గా కనిపిస్తున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి.